అప్పుచేసి ఊటీ ఎందుకు?

హనీమూన్ అనే మాట మన పల్లెలకూ వచ్చింది. సంతోషించవలసిందే. ఇంటినిండా చుట్టాలున్న వేళ కొత్త జంటకు మనసు విప్పి మాట్లాడుకునే చోటే దొరకదు. రెండు రోజులు విడిగా గడిపి వస్తే పెద్దలు నవ్వవలసిన పని లేదు.

విచారమల్లా, పెళ్ళి అప్పు తీరకముందే ఊటీ, కొడైకెనాల్ పేరిట మరో అప్పు చేయడం గురించే. టమోటా ధర ఈ వారం ఉన్నట్లు వచ్చే వారం ఉండదని మదనపల్లె రైతుకు వేరే చెప్పాలా? వడ్డీ మాత్రం ఆగదు. ఆ భారం మోసేది ఆ కొత్త కాపురమే.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లలో హార్సిలీ కొండ ఉంది. ఎత్తు 4 వేల అడుగులకు పైమాటే. పూర్వం ఇది ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్సిలీ ఇక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. దొర వెతుక్కుంటూ వచ్చిన చల్లదనం మనకు పక్కనే ఉంది. గాలిబండ మీద ఒక సాయంత్రం గడిపితే ఊటీ గుర్తుకు రాదు. శని, ఆదివారాల్లో బెంగుళూరు వారి రద్దీ ఉంటుంది గనుక వారం మధ్యలో వెళ్ళడం మేలు. కొండపై గది భారమనుకుంటే మదనపల్లెలో బస చేసి, పొద్దున వెళ్ళి సాయంత్రం దిగి రావచ్చు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించినది ఆ ఊళ్ళోనే.

పెళ్ళిళ్ళ కాలంలో కొండకు సాయంత్రం అదనపు బస్సు నడిపితే ఆర్టీసీకీ, జంటలకూ మేలు. బంధువులు కూడా మరో స్టీలు బిందెకు బదులు ఈ రెండు రోజుల ఖర్చు చదివించవచ్చు.