రాజీ అంటే నోరు మూయించడం కాదు

"సమస్యను సామరస్యంగా పరిష్కరించుకుందాం." మన విద్యాలయాల్లోనూ, ఉద్యోగ స్థలాల్లోనూ తరచుగా వినబడే మాట ఇది. మాటగా మంచిదే. సామరస్యాన్ని కాదనేవారెవరు? కాని ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అంటున్నారో గమనిస్తే దాని అసలు రూపం బయటపడుతుంది. దెబ్బ తిన్నవాడు ఫిర్యాదు పత్రం పట్టుకుని గడప తొక్కిన తరువాతనే యాజమాన్యాలకు సామరస్యం గుర్తుకొస్తుంది. దెబ్బ పడుతున్నప్పుడు ఆ మాట ఎవరికీ తోచదు.

ఘర్షణ వేరు, అన్యాయం వేరు. ఇద్దరు ఉద్యోగులు సెలవుల వంతు దగ్గర పట్టుదలకు పోతే అది ఘర్షణ. రెండు విద్యార్థి బృందాలు ఒకే ఆటస్థలం కోసం పోట్లాడుకుంటే అదీ ఘర్షణే. అక్కడ ఇరుపక్షాలూ చెరొక మెట్టు దిగడం న్యాయం. కాని ఒక బాలుణ్ణి పేరును బట్టి వెనుక బెంచీకి నెట్టినప్పుడు, ఒక ఉద్యోగిని మతాన్ని బట్టి ప్రతిరోజూ హేళన చేసినప్పుడు, దిగవలసిన మెట్టు ఒక్కరిదే. అటువంటి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చేతులు కలపమనడం పరిష్కారం కాదు. అది పెద్దరికం పేరిట జరిగే రెండవ అన్యాయం.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగినదాన్ని దేశమంతా చూసింది. ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడేళ్ల ముస్లిం బాలుణ్ణి నిలబెట్టి, తోటి పిల్లలచేత ఒకరి తరువాత ఒకరిచేత చెంపదెబ్బలు కొట్టించింది ఉపాధ్యాయురాలు. ఆ వెంటనే ఏం జరిగింది? రాజీ మాటలు మొదలయ్యాయి. ఒక రైతు నాయకుడు ఆ బాలుణ్ణి, కొట్టినవారిలో ఒక బాలుణ్ణి కౌగిలింపజేసిన దృశ్యం పత్రికల్లో వచ్చింది. తగవు ఆ పసివాళ్ల మధ్యనే పుట్టినట్టు! కొట్టించిన చేయి మాత్రం ఆ చిత్రంలో లేదు.

మహాత్ముని మునిమనవడు తుషార్ గాంధీ వేసిన పిటిషన్‌తో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ఎఫ్‌ఐఆర్ నమోదులో జరిగిన జాప్యాన్నీ, మతపరమైన ఆరోపణ అందులో చోటుచేసుకోకపోవడాన్నీ న్యాయస్థానం తప్పుపట్టింది. దెబ్బలు తిన్న బాలుడికే కాదు, కొట్టిన పిల్లలకు కూడా నిపుణులచేత కౌన్సెలింగ్ ఇప్పించాలని చెప్పింది. కౌగిలింతకూ, ఈ ఆదేశానికీ ఉన్న తేడాను గమనించండి. మొదటిది తప్పు చేసిన పెద్దను దాచిపెట్టింది. రెండవది ఆ తప్పు ఎందరు పిల్లలను గాయపరిచిందో లెక్కగట్టింది.

ఇక రెండవ ఉదాహరణ. 2021 చివరలో కర్ణాటకలోని ఉడుపిలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో హిజాబ్ వివాదం తలెత్తింది. కళాశాల అధ్యక్షుడు, విద్యార్థినులు, తల్లిదండ్రులు ఒకచోట కూర్చుని సహనంతో మాట్లాడుకుంటే తీరదగిన సమస్య అది. అక్కడ నిజంగా సంభాషణే అవసరం. కాని సంభాషణ సాగలేదు. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు. ఆ బాలిక చదువుకు మనం మేలు చేస్తున్నామా లేదా అన్నదే జస్టిస్ సుధాంశు ధూలియా తీర్పులో ప్రధాన ప్రశ్న. ఈలోగా ఎందరో అమ్మాయిలు పరీక్షలకు దూరమయ్యారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. న్యాయం జరగవలసిన చోట రాజీ వడ్డిస్తున్నారు. రాజీ కుదరవలసిన చోట ఉత్తర్వు వడ్డిస్తున్నారు. రెండు చోట్లా నష్టపోయినవారు ఒక్కరే. ఇది సమస్యలను పరిష్కరించడం తెలియక చేసే పొరపాటు అని నమ్మడం కష్టం.

ఉద్యోగాల సంగతి ఇంకా నిగూఢమైనది. అక్కడ చెంపదెబ్బ కనిపించదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతు మాత్రమే అని తేలింది. దళిత పేరుకూ తక్కువ అవకాశమే దక్కింది. చెత్తబుట్టలో పడిన దరఖాస్తు ఎవరితో రాజీ పడాలి?

రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు ఉన్నాయి కదా అంటారు. మత ప్రాతిపదికపై వివక్షను నిషేధిస్తూ 15(1) కట్టడి చేసేది రాజ్యాన్ని. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినది. ప్రైవేటు యజమాని మతాన్ని బట్టి ఉద్యోగం నిరాకరిస్తే అడ్డుకోవడానికి సమగ్రమైన కేంద్ర చట్టం నేటికీ లేదు. సచార్ కమిటీ 2006లోనే సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి ముసాయిదా కూడా సిద్ధం చేసి ఇచ్చింది. అది చట్టం కాలేదు.

చట్టం ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టవలసిన పని కూడా లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టాన్ని చూడండి. 10 మంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి. అందులో బయటి సభ్యులొకరు ఉండాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. అన్నిటికంటే ముఖ్యం, బాధితురాలు కోరితేనే రాజీ ప్రయత్నం జరగాలి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఆ రాజీకి ఆధారం కాకూడదు. ఆచరణలో ఆ చట్టానికి లోపాలు లేవని కాదు. కాని రాజీ అనేది బాధితుల హక్కు, యాజమాన్యం ఆయుధం కాదు అన్న సూత్రాన్ని అది స్థిరపరిచింది. మతం, కులం పేరిట జరిగే వివక్షకు ఆ సూత్రం ఎందుకు వర్తించకూడదు?

"ప్రతిదానికీ ఫిర్యాదు చేస్తే సంబంధాలు చెడతాయి, తప్పుడు ఫిర్యాదులు పెరుగుతాయి" అని కొందరి వాదన. సంబంధాలను చెడగొట్టింది ఫిర్యాదు కాదు, ఫిర్యాదుకు కారణమైన పని. తప్పుడు ఫిర్యాదును తేల్చడానికైనా విచారణే కావాలి కదా! విచారణ లేని రాజీలో నిర్దోషిపై పడిన మచ్చ కూడా పోదు.

మనవారితో కూడా ఒక మాట. పిల్లవాడు బడిలో అవమానపడి ఇంటికి వస్తే "సబర్ చేయి బేటా, గొడవ వద్దు" అనే పెద్దలు మనలో చాలామంది. వారి భయానికి కారణాలున్నాయి, కాదనను. కాని సబర్ అంటే అన్యాయానికి తలవంచడం కాదు. ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా రెండు పక్షాల మధ్య సంధి చేయమంటూనే, హద్దుమీరిన పక్షాన్ని ముందు నిలువరించమనీ, ఆపైన న్యాయబద్ధంగా సంధి కుదర్చమనీ బోధిస్తుంది. న్యాయం లేని సులహ్ మన సంప్రదాయంలో సులహే కాదు. మరి మనం నడిపే విద్యాసంస్థల సంగతేమిటి? జీతం అడిగిన ఉపాధ్యాయురాలిని, ప్రశ్నించిన విద్యార్థిని "ఖౌమ్ పరువు" పేరిట నోరు మూయించే కమిటీలు మనలోనూ ఉన్నాయి. ఇతరులను అడిగే న్యాయాన్ని మన గడప లోపల చూపకపోతే మన మాటకు విలువ ఉండదు.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ప్రతి కళాశాలలోనూ, సంస్థలోనూ వివక్షపై ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అందులో బయటివారికీ, మైనారిటీ, దళిత, ఆదివాసీ ప్రతినిధులకూ చోటు ఉండాలి. ఫిర్యాదుకు రసీదు, విచారణకు గడువు, నిర్ణయానికి లిఖితపూర్వక కారణాలు ఉండాలి. ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధిస్తే శిక్ష ఉండాలి. ఈ నియమాలకు బలమిచ్చే వివక్ష నిరోధక చట్టం కేంద్రంలో రావాలి. అంతవరకు వేచి చూడకుండా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు తమ పరిధిలోని విద్యాసంస్థలతోనైనా మొదలుపెట్టాలి.

సామరస్యాన్ని మనం కోరుకుంటున్నాం. అందరికంటే ఎక్కువగా దాని అవసరం మనకే ఉంది. అయితే అది న్యాయం వెనుక నడిచి రావాలి, న్యాయానికి అడ్డుగా నిలబడకూడదు.