బీపీ అంటే కోపం కాదు

కందుకూరు: మన పల్లెల్లో ‘బీపీ’ అనే మాట కోపానికి మారుపేరైపోయింది. ‘నాకు బీపీ తెప్పియ్యకు’ అని హోటల్ దగ్గరా వింటాం, బస్సులోనూ వింటాం. హాస్యానికైతే సరే. కడుపుతో ఉన్న కోడలికి రక్తపుపోటు ఎక్కువగా ఉందని నర్సమ్మ చెప్పినప్పుడు కూడా ఇంట్లో అదే అర్థం తీస్తున్నారు. ‘అన్నీ మనసుల పెట్టుకుంటది, గందుకే బీపీ లేస్తున్నది’ అని అత్త అంటుంది. తప్పంతా ఆ పిల్ల స్వభావం మీదికి పోతుంది, పరీక్ష వెనకబడుతుంది.

అసలు సంగతి వేరు. అయిదో నెల దాటాక పోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ కూడా పోతున్నదంటే దాని మూలం చాలావరకు మాయలో ఉంటుంది. మాయకు రక్తం చేర్చే నాళాలు తొలి నెలల్లో సరిగా వెడల్పు కాకపోవడంతో మొదలయ్యే జబ్బిది. కోపిష్ఠికీ వస్తుంది, శాంతమూర్తికీ వస్తుంది. తొలిచూలు వారికి, కవలలను మోసేవారికి, 35 ఏళ్లు దాటినవారికి, లావుగా ఉన్నవారికి, ముందునుంచే పోటు, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. వెనకటి కాన్పులో వచ్చినా, తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చినా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. అలాంటివారికి చిన్న మోతాదు ఆస్పిరిన్ నాలుగో నెలలోపే మొదలుపెట్టించవచ్చు. అది డాక్టరు రాయాలి, సొంతంగా మింగరాదు.

మరి మనసుకు సంబంధమే లేదా? లేదనలేం. ఆందోళన, దిగులు ఉన్న గర్భిణుల్లో పోటు ఎక్కువగా కనిపిస్తున్నట్టు కొన్ని పరిశోధనలు చెప్పాయి. అన్నీ ఒకే మాట చెప్పలేదు, దిగులే కారణమని తేలనూ లేదు. సరే, ఉందనే అనుకుందాం. ఆ దిగులు ఎవరు పెట్టింది? ఇద్దరు ఆడపిల్లల తరువాత ‘ఈసారన్నా కొడుకేనా’ అని రోజూ వినే ఆమెకు, తాగివచ్చే భర్తకు జడిసి నిద్రపోని ఆమెకు, ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు ఫార్మాసిటీకని పొలం పోయిన ఇంటి కోడలికి ‘టెన్షన్ పడకు’ అని బుద్ధి చెబితే ఏం లాభం? ఆ బుద్ధి చెప్పవలసింది చుట్టూ ఉన్నవారికి.

ఇంకొకటి. తొలికాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. పోటు పెరిగే అవకాశం ఎక్కువగా ఉండే చివరి నెలల్లోనే ఆమె ఊరు మారుతుంది. చీర, సారె గుర్తుంటాయి కాని ఆసుపత్రి కార్డు అత్తింటి బీరువాలోనే ఉండిపోతుంది. అక్కడి డాక్టరుకు మొదట్లో పోటెంతో తెలియదు. 130 చూసి ఫరవాలేదనుకోవచ్చు, ఆమెకు అంతకుముందు 100 ఉండేదేమో!

ఉప్పు మానిపిస్తే చాలునని కొందరి నమ్మకం. ఉప్పు తగ్గించినంత మాత్రాన ఈ జబ్బు ఆగదు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలు వాడటం మేలు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, డొక్కల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు, 108కి ఫోను చేయాలి. కాన్పు అయిన తరువాత కూడా ఇవి రావచ్చు.

పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే ఫిట్స్‌ను గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే చవకైన మందుంది. 33 దేశాల్లో సుమారు 10 వేల మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. ఈ మందు ఇచ్చినవారిలో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదును ఏఎన్ఎం ఇవ్వడానికి కేంద్రం మార్గదర్శకాలు ఒప్పుకుంటున్నాయి. శ్రీశైలం రోడ్డు మీద పేట్లబురుజుకో, కోఠీకో చేరేలోపు పోయే సమయం తక్కువేమీ కాదు. కనుక ఆ ఇంజక్షను, మూత్రం చూసే పట్టీలు, సరిగా పనిచేసే బీపీ మిషను మండలంలోని ప్రతి ఉపకేంద్రంలోనూ ఎప్పుడూ ఉండేలా అధికారులు చూడాలి. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటున్నది. ఆ రోజు భర్త కూడా వెంట వెళ్లి, పోటెంతో తానే అడిగి కార్డులో రాయించాలి.