తెరచాపకు షాకిల్ మేలా? ముడి మేలా?



వరి నూర్పిళ్ళ రోజుల్లో గుడివాడ రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్లు వెళుతూ ఉంటాయి. కొండలాగా పేర్చిన ఆ గడ్డిని పట్టి ఉంచేది ఒక మోకు. దాని చివర ఇనుప సామానేదీ ఉండదు. ఉండేది ఒక ముడి. అది దారిలో ఊడిపోదు, ఇంటికి చేరాక మాత్రం సులువుగా విడిపోతుంది. ఆ ముడిలో ఎంత విజ్ఞానం ఉందో మనం ఆలోచించం. ఇనుము కనబడితేనే 'ఇది గట్టిది' అనుకొంటాం. ఈ అలవాటు మంచిది కాదని పడవ ఉదాహరణతో చెబుతాను.

మచిలీపట్నం దగ్గరి గిలకలదిండిలోనూ, దివిసీమలో నాగాయలంక వైపునా ఇప్పుడు మోటారు పడవలే ఎక్కువ. మోటారు రాక ముందు తెరచాపే పడవకు ఇంజను. నేడు హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో మీ వయసు పిల్లలు చాప పడవలతో పందేలు వేస్తున్నారు. కాలం మారినా సూత్రం మారలేదు. చాప కింది మూలకు ఒక తాడు కడతారు. దాన్ని లాగితే చాప బిగుస్తుంది, వదిలితే సడలుతుంది. ఇంగ్లీషు నావికులు ఆ తాడును 'షీట్' అంటారు. షీట్ అంటే గుడ్డ అనుకొనేరు, తాడే సుమా!

ఈ తాడును చాపకు ఎలా తగిలించాలి? ఒక మార్గం షాకిల్. గుర్రపు నాడాలాగా వంచిన ఉక్కు కడ్డీ, దాని రెండు చెవుల మధ్య మరతో బిగించే మేకు, ఇదే షాకిల్. రెండో మార్గం ముడి. స్కౌట్లలో చేరినవారికి బౌలైన్ ముడి తెలిసే ఉంటుంది. అది బిగిసినా ఉచ్చు చిన్నది కాదు. బరువు దించగానే వేళ్ళతో విప్పవచ్చు.

ఉక్కే గట్టిది కదా అంటారా? ముందు అవసరమెంతో లెక్క వేద్దాం. చాప వైశాల్యం 10 చదరపు మీటర్లు అనుకోండి. గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు. గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తే చాప మీద పడే బలం దాదాపు 150 న్యూటన్లు. ఇది 15 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు, అంటే 60 కిలోలు. గంటకు 72 కిలోమీటర్లయితే సుమారు 245 కిలోలు. బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి పదింతలైతే బలం నూరింతలు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన తుపాను వంటి దానికి ఏ తాడూ, ఏ ఉక్కూ జవాబు కాదు. హెచ్చరిక వినగానే కడలి వదిలి క్షేమమైన చోటికి చేరడమే జవాబు.

సరే, 8 మిల్లీమీటర్ల మంచి పాలియెస్టర్ తాడు సుమారు ఒక టన్ను బరువుకు గాని తెగదు. ముడి వేస్తే తాడు వంపు దగ్గర కొన్ని పోగుల మీదే ఎక్కువ లాగుడు పడి బలం తగ్గుతుంది. బౌలైన్ ముడికి మూడో వంతు పైగా పోయిందనుకొన్నా 600 కిలోలు మిగిలింది. మన అవసరం 245. ముడి చాలదా?

ఇక షాకిల్ సంగతి చూడండి. పడవ దిశ మార్చేటప్పుడు చాప సడలి గాలికి టపటపా కొట్టుకొంటుంది. దాని మూలన 100 గ్రాముల షాకిల్ ఉండి, సెకనుకు 15 మీటర్ల వేగంతో విసురుగా వచ్చిందనుకోండి. దాని గతిజశక్తి 11 జౌళ్ళకు పైమాటే. క్రికెట్ బంతి 7 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీద నుంచి తలపై పడితే ఎంతో, అంత! ముడి తగిలినా నొప్పే గాని తల పగలదు. పైగా ఉప్పు గాలికి మామూలు ఉక్కు తుప్పు పడుతుంది. ఊగిసలాటకు మేకు మర వదులై ఊడి నీళ్ళలో పడుతుంది.

తాడు ఎంపికలో కూడా బలం ఒక్కటే చూడరాదు. నైలాన్ బాగా సాగుతుంది. లంగరుకు అది గుణం, కుదుపును మింగుతుంది. చాప తాడుకు అదే దోషం. చేత్తో లాగినదంతా సాగుడులోనే పోతుంది. చవకగా దొరికే పాలీప్రొపిలీన్ నీటిపై తేలుతుంది గాని ఎండకు పెళుసెక్కుతుంది. చాపకు పాలియెస్టర్ మేలు.

షాకిల్ దండగ అని నేననను. లంగరు గొలుసుకు షాకిల్ ఉండవలసిందే. అక్కడ తాడు కడితే ఇనుము రాపిడికి తెగుతుంది. ఎవరి తలకూ తగలని చోట, రాపిడి ఉన్న చోట ఉక్కు. కొట్టుకొంటూ కదిలే చోట ముడి. ఇదే నా అభిప్రాయం.

మన కోరమండల్ తీరపు పూర్వులకు ఈ సంగతి తెలుసు. ఒడ్డున విరిగే అలలను దాటే మసూలా పడవల పలకలను వారు మేకులతో బిగించలేదు, కొబ్బరి పీచు తాటితో కుట్టారు. అల తాకితే పడవ కాస్త వంగేది, పగిలేది కాదు. నేటి పందెపు పడవల్లోనూ చాలా చోట్ల ఉక్కు షాకిల్ బదులు గట్టి కృత్రిమ దారాలతో అల్లిన మెత్తని షాకిల్ వచ్చింది. కొత్త విజ్ఞానం పాత కుట్టు దగ్గరికే వచ్చింది, చూశారా!

మీరూ ఒక ప్రయోగం చేయండి. కుట్టు దారం ముక్క మధ్యలో ఒక ముడి వేయండి. దారం రెండు కొనలను రెండు పెన్సిళ్ళకు పదేసి చుట్లు చుట్టి, మెల్లగా దూరంగా లాగండి. పదిసార్లు చేసి, తెగిన చోటు ప్రతిసారీ రాసుకోండి. ఎక్కువసార్లు ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో మీ మాస్టారితో చర్చించండి.

ఇకపై ఏ వస్తువును ఎన్నుకొన్నా 'ఇది ఎంత గట్టిది?' అని మాత్రమే అడగకండి. 'ఎంత బలం కావాలి? ఇది తెగితే, ఊడితే ఎవరికి తగులుతుంది?' అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్న ఒక్కోసారి ప్రాణం నిలుపుతుంది.