కిన్నెరకి ఎన్ని మెట్లు? (ఒక మార్కు)

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఒక కోచింగ్ సెంటర్ బోర్డు తగులుతుంది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు.. ఏది కావాలంటే అది. గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ సంస్కృతి, కళలు, సాహిత్యం అని ఒక భాగం ఉంది కదా, దాని పుణ్యమా అని మన ఏరియాలో చిందు యక్షగానం, ఒగ్గుకథ, చేర్యాల బొమ్మల గురించి చదివేవాళ్లకి కొదవ లేదు. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడెవరు? దర్శనం మొగిలయ్య. పద్మశ్రీ ఎప్పుడొచ్చింది? 2022. టిక్కు పెట్టు, తర్వాతి బిట్టుకి పద.

సిలబస్‌లో లేని ప్రశ్న ఒకటి నేనడుగుతా. 2024 మే నెలలో ఆ మొగిలయ్య గారు ఏం చేస్తున్నారు? తుర్కయంజాల్‌లో బిల్డింగ్ పని దగ్గర రోజుకూలీ. పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు పట్టుకుంటే ఎంతో దూరం లేదు ఆ ఊరు. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విని రిపీట్‌లో పెట్టుకున్నది మనమే. 2022లో ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి అదీ పరిస్థితి. ఆ వార్తలు వచ్చిన తర్వాత హయత్‌నగర్ వైపు 600 గజాల స్థలం దక్కింది. సంతోషమే.

ప్రభుత్వాన్ని నాలుగు తిట్లు తిట్టి ఇక్కడే ముగించెయ్యొచ్చు. తిట్టాల్సిందే కూడా. కానీ నాకు కోపం ఇంకో చోట ఉంది. కిన్నెర గురించి పది లైన్లు గుక్కతిప్పుకోకుండా రాయగలిగిన కుర్రాళ్లు ఇన్ని వేలమంది ఉన్న చోట, ఆ కిన్నెర కోసం ఒక అర్జీ ఎలా రాయాలో, ఎవరికివ్వాలో, ఇచ్చాక మళ్లీ ఎప్పుడెళ్లి అడగాలో ఎవరైనా నేర్పారా? నేర్పలేదు. కళ అంటే మన చదువుల్లో రెండే రకాలు. ఒకటి బిట్టు, రెండు షీల్డు.

షీల్డు సంగతి కూడా చూద్దాం. కాగితం మీద మనకి లోటేం లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు ఒక సబ్జెక్టుగా ఉండాలంది. 2015లో కేంద్రం హైస్కూలు, ఇంటర్ పిల్లలకి 'కళా ఉత్సవ్' పోటీలు మొదలుపెట్టింది. 2020 విద్యావిధానం కళలకీ సైన్సుకీ మధ్య గోడలు వద్దంది. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ నడిస్తే ఏమవుతుంది? పిల్లాడు పాడతాడు, బొమ్మ గీస్తాడు, ప్రైజు తెచ్చుకుంటాడు. ఇంటర్‌లోకి రాగానే ఆ షీల్డు షోకేసులోకీ, వాడు ఎంపీసీలోకీ వెళ్లిపోతారు. (నేను చదివిన కార్పొరేట్ కాలేజీలో, పేరెందుకు లెండి, రెండేళ్లలో మాకు వినిపించిన సంగీతం స్టడీ అవర్ బెల్లు ఒక్కటే.)

నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకి కళలు నేర్పితే సరిపోదు, కళల తరఫున వకాల్తా పుచ్చుకోవడం నేర్పాలి. అందరికీ గొంతు ఉండదు, అందరికీ చెయ్యి తిరగదు. కానీ తన కాలనీలో ఒక కళ కోసం నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పించడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కళాకారుడే వాయించాలి, కళాకారుడే ఆఫీసుల చుట్టూ తిరగాలి, కళాకారుడే పెన్షన్ ఎందుకాగిందో కనుక్కోవాలి అంటే ఎలా? మన ప్రాజెక్టుల్లో కోడ్ రాసేవాడినే క్లయింటు దగ్గరకి బిల్లు వసూలుకి పంపుతామా?

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు, మన చరిత్రలోనే ఉంది. కూచిపూడిని ఈరోజు శాస్త్రీయ నృత్యం అని ఎవరూ ప్రశ్నించరు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు జరిగినప్పుడు పరిస్థితి అది కాదు. అప్పటికి దానికి విడిగా గుర్తింపు లేదు. ఆ సదస్సులో కూచిపూడి పక్షాన పత్రం చదివింది విస్సా అప్పారావు గారు. ఆయన వృత్తి? ఫిజిక్స్ పాఠాలు చెప్పడం. ఆయనతోపాటు ఈ పోరాటం నడిపిన బందా కనకలింగేశ్వరరావు గారు నటుడే, కానీ వృత్తిరీత్యా ఏలూరులో వకీలు. మరుసటేడు 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాద్‌లోనే సదస్సు పెట్టి వాదాన్ని ముందుకు తీసుకెళ్లింది. ఆడినవాళ్లు ఊళ్లో ఆడుతూనే ఉన్నారు, వాళ్ల తరఫున ఒక ఫిజిక్స్ మాస్టారూ ఒక ప్లీడరూ వాదించారు. ఇవాళ కాలిఫోర్నియాలో మన ఫ్రెండ్సు శనివారం పొద్దున్నే పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి వస్తున్నారంటే అందులో ఆ వాదనకీ వాటా ఉంది. కిన్నెరకి అలాంటి ఫిజిక్స్ మాస్టారు దొరకలేదు. తేడా అక్కడే ఉంది.

"మా పిల్లలకి మాట్లాడటమే రాదండీ, ఇంక ఒప్పించడం కూడానా" అంటారేమో. వినాయక చవితికి ముందు నెల రోజులు మీ గేటు దగ్గర నిలబడి చూడండి. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురం.. ఏ కాలనీ అయినా సరే. ఇంటర్ కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని వస్తారు. "పోయినేడు 1116 ఇచ్చారంకుల్, ఈసారి 2116 రాసుకుంటున్నాం" అని మనచేతే తల ఊపిస్తారు. పోలీసు పర్మిషన్ తెస్తారు, కరెంటువాళ్లతో మాట్లాడతారు, లెక్క రాసి నోటీసు బోర్డుకి అంటిస్తారు. మన పక్కనున్న బాలాపూర్‌లో లడ్డూ 1994లో 450 రూపాయలకి పాట పాడారు, 2025లో 35 లక్షలు పలికింది. డబ్బులు లేవని గానీ, అడిగే నోరు లేదని గానీ ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ నోరు కళల వైపు తిప్పమని ఎవరూ చెప్పలేదు, అంతే.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఆదేశాలిచ్చారు. మంచి సందు దొరికింది కదా! డీజేకి పోసే డబ్బులో కొంత పెట్టి ఒగ్గుకథ బృందాన్నో, చిందు బృందాన్నో పిలవొచ్చు కదా అని ఎన్ని కమిటీల్లో ఎవరైనా లేచి అడిగారు? అలా లేచి అడిగేవాడిని తయారుచెయ్యడమే నేను చదువు అంటున్నది.

ఎలా నేర్పాలి? నా లెక్క ఇది. ఇంటర్ మొదటి సంవత్సరంలోనో, బీటెక్ మొదటి సంవత్సరంలోనో, నలుగురేసి పిల్లలకి ఒక పని ఇవ్వండి. వాళ్లుండే కాలనీలో కమ్యూనిటీ హాలు ఎవరి చేతిలో ఉంది, అద్దె ఎంత, ఏడాదిలో పెళ్లిళ్లూ బర్త్‌డేలూ కాకుండా ఇంకేమైనా జరిగాయా కనుక్కోవాలి. చెప్పకపోతే, మునిసిపల్ కార్పొరేషన్ హాలయితే, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది. తర్వాత ఒక కళాకారుడిని కలిసి, ఆయన ఒక సాయంత్రానికి ఎంత తీసుకుంటారో, ఎంతమంది వస్తారో, మైకు ఎలాంటిది కావాలో అడిగి ఎస్టిమేట్ వెయ్యాలి. అది పట్టుకుని అసోసియేషన్ మీటింగులో పది నిమిషాలు మాట్లాడాలి. అక్కడ పెద్దాయనొకరు "ఇవన్నీ ఎవరు చూస్తారమ్మా ఇప్పుడు" అంటారు, గ్యారంటీగా అంటారు. దానికి జవాబు చెప్పడమే పరీక్ష. ఒప్పుకుంటే ప్రోగ్రాం చెయ్యాలి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాసివ్వాలి. రెంటికీ మార్కులుండాలి.

ఇక మామూలుగా వచ్చే అభ్యంతరాలు.

ఒకటి, ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్) ర్యాంకు పోతుంది. ఏడాదికి నాలుగు ఆదివారాలతో పోయే ర్యాంకు అయితే అది ఎలాగూ వచ్చేది కాదు. పైగా బీటెక్ అయ్యాక ఇదే పిల్లాడికి కమ్యూనికేషన్ స్కిల్స్ అని మళ్లీ డబ్బులు కట్టి క్లాసులు చెప్పిస్తున్నాం.

రెండు, మంచి కళ అయితే దానంతటదే బతుకుతుంది. ఏ మంచి వస్తువు దానంతటదే బతికిందండీ? మన కంపెనీల్లో సేల్స్ టీములు ఎందుకున్నాయి మరి?

మూడు, పిల్లల్ని రాజకీయాల్లోకి లాగుతున్నారు. ఇది కొంచెం ఆలోచించాల్సిన మాటే. కార్పొరేటర్ ఫ్లెక్సీలో ఫొటో కోసం పిల్లల్ని వాడుకునే ప్రమాదం ఉంది. అందుకే అడగాల్సింది లీడర్ని కాదు, ఆఫీసుని. నోటి మాటతో కాదు, కాగితం మీద. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం రాజకీయం కాదు, పౌరశాస్త్రం. ఆ సబ్జెక్టు పుస్తకంలో ఎలాగూ ఉంది.

నాలుగు, రవీంద్రభారతి ఉంది కదా. ఉంది, 1961 నుంచీ ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. ఉప్పల్‌లో 2019లో మినీ శిల్పారామం కూడా వచ్చింది. బాగుంది. కానీ హయత్‌నగర్‌లో ఉండే ముసలాయన ఒగ్గుకథ కోసం సాయంత్రం ట్రాఫిక్‌లో అంత దూరం పోయి రాత్రి పదింటికి తిరిగి రాగలడా? కాలనీకి ఒక హాలు కట్టుకున్నది ఎందుకు మరి?

చివరగా మన ఐటీ జనాలకి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఓ మోస్తరు పెద్ద కంపెనీలన్నీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి అని స్పష్టంగా రాసి ఉంది. మీ ఆఫీసులో సీఎస్సార్ అనగానే గుర్తొచ్చేవి ఏంటి? మొక్కలు నాటడం, స్కూలు బ్యాగులు పంచడం. తప్పేం కాదు. కానీ కళల ఖాతా ఖాళీగా ఉందంటే చట్టం వద్దన్నందుకు కాదు, లోపల్నుంచి ఎవరూ అడగనందుకు. అడగడం మనకి పదహారేళ్లప్పుడు నేర్పి ఉంటే ఈపాటికి అలవాటయ్యేది. ఎస్టిమేషన్, ప్రెజెంటేషన్, ఫాలో అప్.. రోజూ చేసే పనులేగా ఇవి, పరాయి క్లయింట్ల కోసం.

కాబట్టి కాలేజీలు మొదలుపెట్టేదాకా ఆగొద్దు. ఈసారి చందాకొచ్చిన కుర్రాళ్లని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. "నా 2116లో వెయ్యి రూపాయలు కళాకారులకి అని రాయండి, ఎవరిని పిలుస్తారో, ఎంతిస్తారో కనుక్కుని ఆదివారం రండి, మిగతాది అప్పుడిస్తా" అనండి. కచ్చితంగా వస్తారు. ఆ కనుక్కునే పనిలోనే సగం చదువు అయిపోతుంది.

ఏమంటారు?