సిగ్నల్ పోయినా దారి తప్పకూడదంటే

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే కారు మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి ప్రవేశించాక సెల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కొన్నిచోట్ల అసలే ఉండదు. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్న టాబ్లెట్లో పటం కదలకుండా నిలిచిపోతుంది. కొత్త దారి వెతకమంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ‘జీపీఎస్ పోయింది’ అంటారు కారులో ఉన్నవాళ్లు. నిజానికి జీపీఎస్ ఎక్కడికీ పోలేదు. పోయింది ఇంటర్నెట్. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లే ఆఫ్‌లైన్ నావిగేషన్ యాప్ ఎంపికలో చాలామంది మొదటి అడుగే తప్పుగా వేస్తున్నారు. స్టోర్‌లో నక్షత్రాలు చూసి యాప్ దించుకుంటున్నారు తప్ప, తమ టాబ్లెట్ ఏం చేయగలదో, ఆ యాప్‌లో ఉన్నది ఎవరి పటమో చూడడం లేదు.

కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న టాబ్లెట్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఊరికే పడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి సిమ్ ఉండదు, వై-ఫై ఒక్కటే. కానీ తెర పెద్దది, అక్షరాలు పెద్దవి. యాభై దాటిన డ్రైవరుకు ఫోన్ కంటే కంటికి ఎంతో హాయి. అలాంటి టాబ్లెట్‌ను దారి చూపే పనికి వాడుకోవాలనుకోవడం మంచి ఆలోచనే.

ముందు ఆకాశంలో ఏం జరుగుతుందో చూడాలి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, తామెక్కడున్నదీ సమయమెంతయిందీ ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. టాబ్లెట్లోని రిసీవరు నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకోగలిగితే చాలు, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానున్న చోటును లెక్కగడుతుంది. రేడియోలో వార్తలు వినడానికి ఆకాశవాణికి ఫోన్ చేయనక్కర్లేదు, ఇదీ అంతే. సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, రుసుమూ లేదు. 1983లో దారి తప్పి తమ గగనతలంలోకి వచ్చిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చేశాక, ఈ సైనిక వ్యవస్థను పౌరులకూ అందుబాటులోకి తెస్తామని అమెరికా ప్రకటించింది. పౌరుల సంకేతంలో కావాలని కలిపిన తేడాను 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం తీసేసింది. కారులో మలుపు మలుపుకీ దారి చెప్పేంత కచ్చితత్వం మామూలు జనానికి దక్కింది ఆ తర్వాతే.

ఇప్పుడు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ కూడా తోడున్నాయి. మన నావిక్ తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. మొదటి తరం నావిక్ ఎల్5, ఎస్ బ్యాండ్లలో ప్రసారం చేయడంతో చాలా ఫోన్లు, టాబ్లెట్లు దాన్ని అందుకోలేకపోయాయి. 2023 మే 29న అక్కడి నుంచే వెళ్లిన ఎన్‌వీఎస్-01 జీపీఎస్ వాడే ఎల్1 బ్యాండ్‌లోనూ సంకేతం ఇచ్చేలా తయారైంది. చవక పరికరాలకూ నావిక్ చేరే దారి ఇది.

ఇక టాబ్లెట్ సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. వై-ఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ రిసీవరు ఉండదు. సెల్యులార్ రకం ఐప్యాడ్‌లోనే ఉంటుంది, అందులో సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. వై-ఫై ఐప్యాడ్ చుట్టుపక్కల వై-ఫై రౌటర్లను గుర్తుపట్టి చోటు అంచనా వేస్తుంది కాబట్టి ఊళ్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అడవిలో చేతులెత్తేస్తుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో వై-ఫై రకాలకూ చాలావాటికి జీపీఎస్ ఉంటుంది. కొన్ని చవక రకాలకు ఉండదు. కొనేముందు కంపెనీ వివరాల పట్టికలో ‘జీపీఎస్’ లేదా ‘జీఎన్ఎస్ఎస్’ అని ఉందో లేదో చూడాలి. ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ టాబ్లెట్ సంగతి తేల్చుకోవాలంటే ‘జీపీఎస్‌టెస్ట్’ అనే ఉచిత యాప్ వేసి డాబా మీదికి వెళ్తే చాలు. ఏ దేశపు ఉపగ్రహాలు ఎన్ని అందుతున్నాయో తెర మీద కనిపిస్తాయి. ఒక్కటీ కనిపించకపోతే ఏ యాప్ వేసినా వృథా. అలాంటివాళ్లకు బ్లూటూత్‌తో కలిసే విడి జీపీఎస్ రిసీవర్లు దొరుకుతాయి.

రిసీవరు ఉన్న టాబ్లెట్ కూడా మొదట తడబడుతుంది. ఉపగ్రహం తన వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతుంది. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలు చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు కావాలి. నెట్ ఉన్న ఫోన్ ఈ వివరాలను ఇంటర్నెట్ నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. నెట్ లేని టాబ్లెట్ ఆకాశం నుంచే ఓపిగ్గా దించుకోవాలి. కాబట్టి బయల్దేరేముందు ఆరుబయట కొన్ని నిమిషాలు ఉంచి, పటం మీద మనమున్న చోటు చూపే నీలం చుక్క కుదురుకున్నాకే కారు తీయడం మేలు. కదులుతున్న బండిలో, చెట్ల కింద ఆ పని మొదలుపెడితే ఇంకా ఆలస్యమవుతుంది.

ఇంత తేలాకే యాప్ ఎంపిక. యాప్ ఎంచుకోవడమంటే పటాన్ని ఎంచుకోవడమే. బొమ్మలు, రంగులు, గొంతు ఎంత బాగున్నా ఆ పటంలో మన ఊరి దారి లేకపోతే అది మనకు పనికిరాదు.

అందరి చేతిలో ఉన్నది గూగుల్ మ్యాప్స్. దాంట్లో కావలసిన ప్రాంతాన్ని చతురస్రంలా గీసుకుని దించుకోవచ్చు. దుకాణాలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ల పేర్లు దీనిలో ఉన్నంత విస్తారంగా మరెక్కడా ఉండవు. తెలుగు గొంతుతో దారి చెప్పడం మరో సౌకర్యం. అయితే ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చెబుతుంది, నడక దారి చెప్పదు. ట్రాఫిక్ ఉండదు, ప్రత్యామ్నాయ దారులు చూపదు. దించుకున్న పటానికి గడువు ఉంటుంది. ఆలోగా నెట్‌లో పెట్టి తాజా చేయకపోతే పటం పోతుంది. ఏడాదికోసారి బీరువాలోంచి తీసే టాబ్లెట్‌కు ఈ గడువు పెద్ద లోపమే.

రెండో దారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందులు గీస్తున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దవచ్చు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు పోర్టోప్రిన్స్ నగరానికి సరైన పటం లేదు. ఎక్కడెక్కడో కూర్చున్న స్వచ్ఛందులు ఉపగ్రహ చిత్రాలు చూసి వీధులు గీశారు. సహాయక బృందాలు ఆ పటాన్ని పట్టుకుని తిరిగాయి.

ఈ పటం మీద నడిచే యాప్‌లలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ఓస్మాండ్. 2010 నుంచి ఉంది. ఎత్తుపల్లాల గీతలు, అడవి బాటలు, నడక, సైకిలు దారులు అన్నీ చూపగలదు. పటాలు నెలకోసారి కొత్తవి వస్తాయి. మెనూలు మాత్రం చాలా ఎక్కువ, అలవాటు పడడానికి ఓపిక కావాలి. గూగుల్ ప్లేలో ఉచిత రూపంలో దించుకోగల పటాల సంఖ్యకు పరిమితి ఉంది. రెండోది ఆర్గానిక్ మ్యాప్స్. తెర శుభ్రంగా ఉంటుంది, ప్రకటనలు ఉండవు, ఖాతా అడగదు, ఎక్కడికి వెళ్లారో ఎవరికీ చెప్పదు. పెద్దవాళ్ల చేతికి ఇవ్వడానికి ఇదే తేలిక. రెండు తెలుగు రాష్ట్రాల పటాలూ కలిపి ఒక హెచ్‌డీ సినిమాకు పట్టేంత చోటు కూడా తీసుకోవు.

ఆర్గానిక్ మ్యాప్స్ పుట్టిన తీరు తెలుసుకుంటే ఎంపికలో ఒక ముఖ్యమైన సంగతి బోధపడుతుంది. 2011లో మొదలైన మ్యాప్స్.మీ యాప్‌ను 2014లో రష్యా సంస్థ మెయిల్.రు కొనుక్కుంది. 2020లో అది మళ్లీ చేతులు మారింది. కొత్త యాజమాన్యంలో యాప్ తీరు మారిపోవడంతో, దాన్ని మొదట రాసినవాళ్లు అందరికీ అందుబాటులో ఉన్న పాత కోడ్‌ను తీసుకుని 2021లో ఆర్గానిక్ మ్యాప్స్ తెచ్చారు. 2025లో దాని నిర్వహణ మీద విభేదాలు వచ్చి మరికొందరు కోమ్యాప్స్ అని వేరే యాప్ తెచ్చారు. యాజమాన్యం మారినా, మనుషులు విడిపోయినా వాడుకునేవాడి చేతిలో పటం మిగిలింది. కోడూ పటమూ ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల సొత్తుగా లేకపోవడమే కారణం.

హియర్ వీగో కూడా ఆఫ్‌లైన్‌లో బాగా పనిచేసే ఉచిత యాప్. ఒకప్పటి నోకియా మ్యాప్స్ వారసత్వం అది. 2015లో నోకియా దాన్ని 280 కోట్ల యూరోలకు ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కంపెనీలకు అమ్మింది. పెద్ద రహదారుల మీద బాగుంటుంది. యూరప్, అమెరికాలో ఉండే తెలుగువారికి ఎక్కువ పనికొస్తుంది. స్లొవేకియా కంపెనీ సిజిక్ యాప్‌లో మంచి సౌకర్యాలకు డబ్బు కట్టాలి.

ఏ యాప్‌నైనా పరీక్షించే పద్ధతి ఒకటే. టాబ్లెట్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వై-ఫై ఆపేసి, యాప్‌ను మూసి మళ్లీ తెరవాలి. జిల్లా కేంద్రం కాకుండా సొంత ఊరి పేరు కొట్టి చూడాలి. నెట్ ఉన్నప్పుడు స్పెల్లింగు కాస్త తప్పినా యాప్ ఊహించుకుంటుంది, ఆఫ్‌లైన్‌లో అంత ఊహ ఉండదు. ఇంగ్లిష్‌లో మన ఊళ్ల పేర్లు నాలుగు రకాలుగా రాస్తారు. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లతో ఊళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి కాబట్టి జిల్లా పేరును బట్టి గుర్తుపట్టడమూ నమ్మకం కాదు, మండలం చూసుకోవాలి. ఊరు దొరికాక దారి అడిగి, కొంత దూరం వెళ్లి కావాలని పక్క రోడ్డులోకి తిరగాలి. కొత్త దారి వెంటనే చెబితే ఆ యాప్ పరీక్ష నెగ్గినట్టు.

పటం ఎంత మంచిదైనా రోడ్డు మీద ఇవాళ ఏం జరుగుతోందో దానికి తెలియదు. మన్ననూరు చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 నుంచి తెల్లవారి 6 వరకు వాహనాలను అడవిలోకి వదలరు. రాత్రి 10 గంటలకు అడిగినా ఆఫ్‌లైన్ యాప్ ఆ దారే చూపించవచ్చు. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన పర్యాటకుల కారు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర మ్యాప్‌ను నమ్మి పొంగుతున్న వాగులోకి వెళ్లింది. స్థానికులు, పోలీసులు కలిసి నలుగురినీ కాపాడారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వైపు మ్యాప్ చూపిన దారిలో వెళ్తూ, తెగి ఉన్న వంతెన మీది నుంచి కారు రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. రోడ్లు భవనాల శాఖ ఇంజినీర్ల మీద కేసు నమోదైంది. నెట్ ఉన్న యాప్‌కే ఆ వంతెన సంగతి తెలియనప్పుడు నెల కిందటి పటానికి ఎలా తెలుస్తుంది? కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు సరదాగా వెళ్లే డెత్ వ్యాలీ పార్కు అధికారులు కూడా జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దనీ, కాగితం పటం వెంట ఉంచుకోవాలనీ సందర్శకులకు చెబుతారు. వానాకాలంలో, రాత్రిపూట, తెలియని ఘాట్‌లో టాబ్లెట్ మాట కంటే చెక్‌పోస్టు సిబ్బంది మాట, టీకొట్టు మనిషి మాట ఎక్కువ విలువైనవి.

ఎండ మరో శత్రువు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. అద్దం కింద ఎండ తగిలేచోట కాకుండా ఏసీ గాలి తగిలేచోట స్టాండు పెట్టాలి. పాత కార్లలోని యూఎస్‌బీ సాకెట్ టాబ్లెట్ వాడే కరెంటుకు చాలదు, ఎక్కువ వాట్ల కార్ ఛార్జర్ విడిగా కొనుక్కోవాలి.

జీపీఎస్ ఉన్న టాబ్లెట్ అయితే ముందు ఆర్గానిక్ మ్యాప్స్ వేసుకోవాలి, కొండలు అడవులు తిరిగేవాళ్లు ఓస్మాండ్ కూడా చేర్చుకోవాలి. పట్టణంలో చిరునామా వెతకడానికి గూగుల్ ఆఫ్‌లైన్ పటం తోడుగా ఉంచుకోవాలి. మూడూ ఉచితంగా దొరుకుతాయి కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని ప్రయాణం చేయాల్సిన పని లేదు.

దీనికి తోడు తెలుగు పాఠకులు చేయాల్సిన పని మరొకటి ఉంది. ఏజెన్సీ గూడేలకు కొత్తగా వేసిన సిమెంటు రోడ్లు, ఊరి చెరువు కట్ట మీది బాటలు, తెలుగు లిపిలో ఊళ్ల పేర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చాలాచోట్ల ఇంకా లేవు. వాటిని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చున్న ఇంజినీరు కనిపెట్టలేడు, ఆ ఊరి మనిషికే తెలుసు. ఖాతా తెరవడం ఉచితం. ఊరి పేరు, బడి, పీహెచ్‌సీ, పెట్రోలు బంకు వంటివి ఆర్గానిక్ మ్యాప్స్‌లోంచే చేర్చవచ్చు. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ చిన్న చిన్న ప్రశ్నలు అడిగి వివరాలు రాబడుతుంది. రోడ్డు గీయాలంటే కంప్యూటర్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి ఉపగ్రహ చిత్రం మీద గీయవచ్చు. డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, గ్రామ వాలంటీర్లుగా పనిచేసినవాళ్లు సెలవుల్లో తమ ఊరికి వెళ్లే దారినీ, తెలుగులో ఆ ఊరి పేరునూ చేర్చాలి. అర్ధరాత్రి ఆ ఊరికి బయల్దేరిన 108 డ్రైవరుకైనా, పెళ్లికి వచ్చే చుట్టానికైనా సిగ్నల్ లేకపోయినా ఆ దారి కనబడుతుంది.