పెద్దాసుపత్రికి రాసిచ్చాక దారిలో దిక్కెవరు?

రాత్రిపూట నేలమీద పడుకున్న కూలీని కట్లపాము కరుస్తుంది. ఏరియా ఆసుపత్రికి మోసుకుపోతాం. విషానికి సూది వేసి, ఊపిరి అందడం లేదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాస్తారు. ప్రైవేటు బండివాడు అడిగింది ఇవ్వాలంటే పుస్తెలు తాకట్టు పెట్టాల్సిందే.

2005లో ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది. ఇంటి నుంచి, రోడ్డుమీంచి ఎందరినో ఆసుపత్రికి చేర్చింది. ఆ మేలు మేం కాదనం. కానీ ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మార్చడం వేరే పని. కట్లపాము విషం ఊపిరి కండరాలను చచ్చుబడేస్తుంది. దారి పొడుగునా ఊపిరి ఆడించాలి. వెంటిలేటరు, ఆక్సిజను, అవి వాడటం తెలిసిన మనిషి కావాలి. వెళ్ళేచోట మంచం ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1992లో బెంగాలులో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీసంఘ సభ్యుణ్ణి సర్కారు ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి తిప్పి పంపాయి. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సుప్రీంకోర్టుకెక్కింది. అది జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో కోర్టు తేల్చింది. ప్రాథమిక కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడినుంచి రాష్ట్రస్థాయి ఆసుపత్రికి సరంజామాతో అంబులెన్సు ఉండాలంది. డబ్బుల్లేవన్న సాకు చెల్లదంది. ఆ తీర్పు సాధించింది మనలాంటి కూలీల సంఘమే!

కనుక ప్రతి గ్రామశాఖా అడగాలి: మన ఏరియా ఆసుపత్రికి వెంటిలేటరున్న బండి ఉందా? రాత్రిపూట అందులో మనిషి ఉంటాడా? చీటీ రాసిన ఆసుపత్రే బండినీ, మంచాన్నీ కుదిర్చి పంపాలి. జవాబు వచ్చేదాకా అడగడం మానొద్దు.