బ్రేకు సామానులో పొదుపు తగదు

గుంటూరు యార్డుకు మిరప బస్తాలు తోలు పికప్ బండి యజమాని విత్తనములు ఎంచుటలో చూపు శ్రద్ధ బ్రేకు లైనింగులు ఎంచుటలో చూపుట లేదు. నాసిరకపు లైనింగు వేడెక్కగానే పట్టు వదలును. వేగము రెండింతలైనచో ఆపునప్పుడు పుట్టు వేడి నాలుగింతలగును. పైగా బస్తాల బరువు. కావున బండి తయారీదారు సూచించిన రకమునే కొనవలెను.

అరిగిన ఒక్క చక్రమునకే కొత్తది వేయించుట మన ఊళ్ళలో అలవాటు. అట్లు చేసిన బండి బ్రేకు వేయగానే ఒక ప్రక్కకు లాగును. ఒకే ఇరుసుపైనున్న రెండు చక్రములకును కలిపి మార్చవలెను. డ్రమ్ము లోపలి కొలత దానిపై ముద్రించిన హద్దును దాటినచో డ్రమ్మును కూడ మార్పింపక తప్పదు. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి బిగించు మెకానిక్కును నేను నమ్మను. నూనె కారుచున్న వీల్ సిలిండరును ముందు బాగుచేయించి, పిమ్మట కొత్త లైనింగు వేయించవలెను. ఖాళీ బండిని ఊరి వెలుపల నెమ్మదిగా నడిపి, పలుమార్లు ఆపి చూచిన తరువాతనే బస్తాలు ఎక్కించవలెను.